కారు ఏ దేశానిది? కొనే ముందు అడగాల్సిన ప్రశ్న అదేనా?

ఒకప్పుడు మన ఊళ్లకు కారు వచ్చిందంటే ఎన్నికలైనా వచ్చి ఉండాలి, లేదా ఎవరికైనా ప్రాణం మీదికైనా వచ్చి ఉండాలి. ఇప్పుడు కాలం మారింది. ఇదే హాస్టల్లో ఇనుప ట్రంకు పెట్టె మీద కూర్చుని చదువుకున్న అన్నలు, అక్కలు టీచర్లుగా, కానిస్టేబుళ్లుగా, బ్యాంకు ఉద్యోగులుగా స్థిరపడి తమ ఇంటికి మొట్టమొదటి కారు కొంటున్నారు. మరికొందరు మిత్రులు లోను తీసుకుని కారు బాడుగకు తిప్పుకుంటూ కుటుంబాన్ని పోషిస్తున్నారు.

అలా కొనేటప్పుడు తప్పకుండా రెండు సలహాలు వినిపిస్తాయి. "మన దేశం కంపెనీదే కొను, మన డబ్బు మన దగ్గరే ఉంటుంది" అనేది ఒకటి. "జపాన్‌దో కొరియాదో కొను, మనవాళ్ల పనితనం తెలిసిందే కదా" అనేది రెండోది. ఈ రెండింటిలో నిజమెంత? అర్థశాస్త్రం చదువుతున్న విద్యార్థిగా నాకు తెలిసినంతలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. అయిదేళ్లో ఏడేళ్లో ప్రతి నెలా కంతు కట్టాల్సిన వస్తువు గురించి వినికిడి మాటల మీద నిర్ణయం తీసుకోకూడదు కదా!

'దేశం' అంటే ఏ దేశం?

కారుకు దేశం ఒకటే ఉంటుందనుకుంటాం. నిజానికి కనీసం నాలుగు ఉంటాయి. పేరు పుట్టిన దేశం, యజమాని దేశం, ఫ్యాక్టరీ ఉన్న దేశం, విడిభాగాలు వచ్చిన దేశం. ఈ నాలుగూ ఒకటే కావడం ఈ రోజుల్లో చాలా అరుదు.

అచ్చమైన స్వదేశీ బండి అని మన పెద్దలు చెప్పుకునే అంబాసిడర్‌ను చూడండి. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 2014 వరకు తయారైంది. కానీ దాని మూలం ఇంగ్లాండుకు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు. 1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 తాళాలను ప్రధాని ఇందిరాగాంధీ ఇచ్చినప్పుడు అది ప్రభుత్వ రంగ సంస్థ కారు. సాంకేతిక పరిజ్ఞానం మాత్రం జపాన్ సుజుకీది. ఈ రోజు ఆ కంపెనీలో సగానికి పైగా వాటా సుజుకీదే. అయినా కార్లు తయారవుతున్నది హర్యానా, గుజరాత్‌లలో. ల్యాండ్ రోవర్ అంటే ఇంగ్లాండు పేరు. కానీ 2008 నుంచి దాని యజమాని మన టాటా కంపెనీ. ఎం.జి. కూడా ఇంగ్లాండులో పుట్టిన పేరే. ఇప్పుడు ఆ పేరు చైనా కంపెనీ చేతిలో ఉంది. మన దేశంలో అమ్మే ఎం.జి. కార్లు గుజరాత్‌లోని హలోల్‌లో తయారవుతాయి. ఇక వీటిని ఏ దేశం కార్లు అనాలి?

కారు ఛాసిస్ నంబరులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. అది 'ఎం.ఏ.' అని మొదలైతే ఆ తయారీదారు నమోదైంది భారతదేశంలో (మన ఎం.ఏ. డిగ్రీ కాదు లెండి!). 'జె' అయితే జపాన్, 'డబ్ల్యూ' అయితే జర్మనీ. కానీ లోపలి భాగాలు ఎక్కడివో ఆ నంబరు చెప్పదు. అమెరికాలో 1992లో చేసిన చట్టం ప్రకారం కొత్త కారు మీద అంటించే చీటీలో అమెరికా, కెనడా విడిభాగాల శాతం చూపించాలి. మన షోరూముల్లో అటువంటి చీటీ కనబడదు.

విడిభాగాల సంగతి ఎంత ముఖ్యమో ఈ మధ్య రెండుసార్లు తెలిసింది. 2021లో చిప్‌ల కొరత వచ్చి ప్రపంచమంతటా, మన దేశంలో కూడా కార్ల ఉత్పత్తి కుంటుపడింది. 2025 ఏప్రిల్‌లో చైనా కొన్ని రకాల అయస్కాంతాల ఎగుమతిపై ఆంక్షలు పెడితే మన ఎలక్ట్రిక్ బండ్ల కంపెనీలు ఇబ్బంది పడ్డాయి. పేరు మనదే, ఫ్యాక్టరీ మనదే. కానీ చేతిలో ఇమిడే ఒక అయస్కాంతం మాత్రం మనది కాదు.

పనితనం దేశాన్ని బట్టి వస్తుందా?

"ఫలానావాళ్ల చేతిలో పని సరిగా రాదు" అనే మాట మనకు కొత్త కాదు. తరగతి గదిలోనూ, ఇంటర్వ్యూ గదిలోనూ మనలో చాలామంది ఏదో ఒక రూపంలో విన్న మాటే. కార్ల పరిశ్రమలో ఈ మాటకు అమెరికాలో గట్టి జవాబు దొరికింది.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్‌కు ఒక ఫ్యాక్టరీ ఉండేది. అక్కడి కార్మికులు పనికి సరిగా రారనీ, అక్కడి కార్లు నాసిరకమనీ చెడ్డపేరు. 1982లో దాన్ని మూసేశారు. 1984లో జపాన్ కంపెనీ టయోటాతో కలిసి 'నుమ్మీ' అనే పేరుతో మళ్లీ తెరిచారు. పనిలోకి తీసుకున్నవారిలో ఎక్కువమంది ఆ పాత కార్మికులే. మారిందల్లా పని పద్ధతి. లోపం కనబడితే మామూలు కార్మికుడు కూడా తాడు లాగి లైను ఆపవచ్చు, మెరుగైన పద్ధతి ఏదైనా తోస్తే చెప్పవచ్చు. కొద్దికాలంలోనే ఆ ఫ్యాక్టరీ కార్లు నాణ్యతలో జపాన్ కార్లతో పోటీపడ్డాయి. అదే దేశం, అదే ఊరు, అవే చేతులు. లోపం చేతుల్లో లేదు, ఆ చేతులను నమ్మని పద్ధతిలో ఉంది.

మన దగ్గరా అదే జరుగుతోంది. మారుతి సుజుకీ తన ఫ్రాంక్స్ కారును 2024 ఆగస్టు నుంచి, అయిదు తలుపుల జిమ్నీని 2025 జనవరి నుంచి జపాన్‌కు ఎగుమతి చేస్తోంది. "జపాన్ కారు కొను" అని మనకు సలహా ఇచ్చేవారు, జపాన్‌వాళ్లు భారతదేశంలో తయారైన కారు కొంటున్నారని గమనించాలి.

ప్రాణానికి భద్రత

2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశంలో అమ్మే చిన్న కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి పరీక్షించింది. ఆల్టో 800, టాటా నానో, ఫోర్డ్ ఫిగో, హ్యుందాయ్ ఐ10, ఫోక్స్‌వ్యాగన్ పోలో. జపాన్, భారత్, అమెరికా, కొరియా, జర్మనీ పేర్లు. పెద్దల భద్రతలో అయిదింటికీ వచ్చింది సున్నా నక్షత్రాలే! అన్నీ మన దేశంలో తయారైనవే, అన్నీ ఎయిర్‌బ్యాగులు లేని చౌక రకాలే. అదే పోలో కారుకు రెండు ఎయిర్‌బ్యాగులు పెట్టి పరీక్షిస్తే నాలుగు నక్షత్రాలు వచ్చాయి. నానోతో సున్నా తెచ్చుకున్న టాటా కంపెనీయే 2018లో నెక్సాన్‌తో అయిదు నక్షత్రాలు సాధించింది.

దీన్నిబట్టి తెలిసేదేమిటి? కంపెనీకి చేతకాక కాదు, చట్టం అడగక, కొనేవాడు అడగక అలా చేసింది. తర్వాత చట్టం ముందు సీట్లకు రెండు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి చేసింది. 2023 అక్టోబరు నుంచి మన ప్రభుత్వమే భారత్ ఎన్‌క్యాప్ పేరుతో నక్షత్రాలు ఇస్తోంది. కాబట్టి జెండా చూడటం కంటే నక్షత్రాలు చూడటం మేలు.

మన డబ్బు ఎక్కడికి పోతుంది?

ఇది స్వదేశీ వాదంలో బలమైన ప్రశ్న. కారు ధరలో ఉక్కు, టైర్లు, బ్యాటరీ, విడిభాగాలు, జీతాలు, రవాణా, డీలరు కమీషను, పన్నులు, చివరికి లాభం ఉంటాయి. లాభం, రాయల్టీ యజమాని దేశానికి పోతాయి. మిగిలినదంతా ఫ్యాక్టరీ, దానికి సరుకు ఇచ్చే చిన్న కంపెనీలు ఎక్కడ ఉంటే అక్కడ ఖర్చవుతుంది. అందుకే ఈ లెక్కలో యజమాని దేశం కంటే తయారీ దేశం ముఖ్యం.

మన రాయలసీమలోనే ఉదాహరణ ఉంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం కుదిరింది. 2019 ఆగస్టులో అక్కడి సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది. కంపెనీ కొరియాదే. కానీ జీతం అందుకునేవారిలో మన ఐ.టి.ఐ., డిప్లొమా కుర్రాళ్లున్నారు. సత్యవేడు దగ్గర శ్రీసిటీలో జపాన్ ఇసుజు బండ్లు 2016 నుంచి తయారవుతున్నాయి. మరోవైపు మన టాటావారి ల్యాండ్ రోవర్ ఇంగ్లాండులోని సోలిహల్‌లో అక్కడి కార్మికులకు జీతాలిస్తోంది. ఎవరు స్వదేశీ, ఎవరు విదేశీ?

అయితే ఇందులో ఇంకొక ప్రశ్న కూడా ఉంది. ఆ ఉద్యోగం పర్మినెంటా, కాంట్రాక్టా? ట్రైనీ పేరుతో కొన్నాళ్లు పని చేయించుకుని పంపేస్తే ఏ దేశం కంపెనీ అయినా మనకు ఒకటే. ఫ్యాక్టరీ మన జిల్లాలో ఉండటం మంచిదే, అందులో మన తమ్ముడికి భద్రత ఉండటం ఇంకా మంచిది. దాన్ని సాధించేది కొనుగోలుదారు కాదు, కార్మిక చట్టాలు, సంఘాలు.

దేశం చూడాల్సిన సందర్భం

మరి తయారీ దేశం అసలు పట్టించుకోకూడదా? ఒక్క విషయంలో పట్టించుకోవాలి. అది ఖర్చు. పూర్తిగా విదేశంలో తయారై వచ్చే కారుపై సుంకం భారీగా ఉంటుంది. బయట నుంచి రావాల్సిన విడిభాగమైతే ధరా ఎక్కువ, ఆలస్యమూ ఎక్కువ.

కంపెనీ ఇక్కడ నిలబడుతుందా అన్నది కూడా చూడాలి. జనరల్ మోటార్స్ 2017 చివరకు మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ కార్ల తయారీ ఆపుతున్నట్లు ప్రకటించింది. ఇలాంటివి జరిగినప్పుడు పాత కారు ధర పడిపోతుంది. మా చిన్నాయన ఒక కంపెనీ పాత కారు తక్కువకు వస్తోందని కొని బాడుగకు తిప్పాడు. ఆ కంపెనీ అప్పటికే అమ్మకాలు ఆపేసింది. స్టీరింగ్ భాగం ఒకటి పోతే అది దొరికేసరికి పద్దెనిమిది రోజులు పట్టింది. అన్ని రోజులూ బాడుగ లేదు, కంతు మాత్రం ఆగలేదు. మెకానిక్ ఏ ఊళ్లో ఉన్నాడన్నది కారు ఏ దేశానిదన్న దానికంటే ఎంత పెద్ద ప్రశ్నో ఆ నెలలో మా ఇంట్లో అందరికీ తెలిసింది.

కొనే ముందు ఈ అయిదు ప్రశ్నలు వేసుకుందాం:

1. నెల కంతు, ఇన్సూరెన్సు, డీజిలు లేదా పెట్రోలు పోను ఇంటికి ఎంత మిగులుతుంది?
2. ఈ కారుకు భద్రత నక్షత్రాలు ఎన్ని? నేను కొనే రకానికీ అవే వర్తిస్తాయా?
3. మా ఊరికి 50 కిలోమీటర్ల లోపల సర్వీసు ఉందా? విడిభాగాలు ఇక్కడివేనా?
4. అయిదేళ్ల తర్వాత అమ్మితే ఎంత వస్తుంది?
5. పై నాలుగింటిలో రెండు కార్లు సమానంగా ఉంటే, వాటిలో ఏది మన దేశంలో ఎక్కువమందికి పని కల్పిస్తోంది?

దేశం ప్రశ్నను నేను తీసివేయలేదు, అయిదో స్థానంలో పెట్టాను. దేశాభిమానం గొప్పదే. కానీ అప్పు చేసి మొదటి కారు కొనే కుటుంబం దాని భారమంతా ఒంటరిగా మోయాల్సిన పని లేదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! వస్తువునైనా మనిషినైనా పుట్టిన చోటును బట్టి విలువ కట్టే అలవాటు పాతది. ఆ లెక్క ఎంత తప్పో మన హాస్టల్ వాళ్లకు ఒకరు చెప్పాల్సిన అవసరం లేదు. కారు కొనే రోజు మీ అందరికీ రావాలని, ఆ రోజు బానెట్ మీది పేరు కంటే ముందు దాని లోపలి సంగతులు అడిగి తెలుసుకోవాలని కోరుకుంటున్నాను.

– పూర్వ విద్యార్థి, ఎం.ఏ. (అర్థశాస్త్రం)