శనక్కాయ ఆకులో రెండు అక్షరాల వేట

రామగిరి పేరు చెప్పగానే పెద్దవాళ్లకు బంగారు గనులు గుర్తొస్తాయి. రాయిని తవ్వి, పిండి చేసి, కడిగి, అందులోంచి కొన్ని గ్రాముల బంగారం తీసేవాళ్లు. ఆ గనులు మూతపడి చాలా ఏళ్లయింది. ఇప్పుడు కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి, కింద చేలల్లో వేరుశనగ పండుతోంది. ఆ వేరుశనగ ఆకును కూడా అచ్చం రాయిలాగే పిండి చేసి, కడిగి, అందులోంచి కంటికి కనిపించనంత సరుకు తీసే పని ఒకటుంది. దాని పేరు డీఎన్‌ఏ ఎక్స్‌ట్రాక్షన్. ఇంటర్‌లో బైపీసీ తీసుకున్నవాళ్లే కాదు, నాలా ఇంజినీరింగ్ చదివినవాళ్లు కూడా దీని గురించి తెలుసుకోవాలి. ఎందుకో చూద్దాం.

మన పంటతోనే మొదలుపెడదాం

శనగనూనె కొన్నాళ్లు నిల్వ ఉంటే ముక్క వాసన వస్తుంది కదా? అందులోని లినోలిక్ ఆమ్లం గాలిలోని ఆక్సిజన్‌తో తొందరగా కలవడం దీనికి ముఖ్య కారణం. ఒలీక్ ఆమ్లం ఎక్కువగా ఉన్న నూనె అంత త్వరగా చెడదు. మొక్కలో ఒలీక్‌ను లినోలిక్‌గా మార్చే పనిని ఎఫ్ఏడీ2 అనే జన్యువు చూసుకుంటుంది. వేరుశనగలో ఇది రెండు రూపాల్లో ఉంటుంది. ఒకదాంట్లో ఒక్క డీఎన్‌ఏ అక్షరం మారి, రెండోదాంట్లో ఒక్క అక్షరం అదనంగా చేరితే రెండూ పనిచేయడం మానేస్తాయి. అప్పుడు గింజలో ఒలీక్ దాదాపు 80 శాతానికి చేరుతుంది. వేరుశనగ జన్యురాశి మొత్తం సుమారు 270 కోట్ల అక్షరాలు. అందులో మనకు కావాల్సింది రెండంటే రెండు.

హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులోని ఇక్రిశాట్, గుజరాత్‌లోని జునాగఢ్ వేరుశనగ పరిశోధన సంస్థ కలిసి ఈ రెండు మార్పులూ ఉన్న గిర్నార్ 4, గిర్నార్ 5 రకాలను తెచ్చాయి. 2020 అక్టోబరులో ప్రధాని జాతికి అంకితం చేసిన కొత్త రకాల్లో ఇవీ ఉన్నాయి.

ఇక్కడ ఒక చిన్న లెక్క. ఈ మార్పులున్న రకాన్ని, రెండు జన్యువులూ మామూలుగా ఉన్న రకంతో సంకరం చేశారనుకోండి. రెండో తరంలో 160 మొక్కలు పెంచితే, రెండు మార్పులూ పూర్తిగా వచ్చినవి సుమారు 10 మాత్రమే ఉంటాయి. చూడ్డానికి 160 మొక్కలూ ఒకేలా ఉంటాయి. కాయ పండి, గింజ ఒలిచి, నూనె పరీక్షించేదాకా ఆగితే ఒక పంటకాలం గడిచిపోతుంది. లేత ఆకులోని డీఎన్‌ఏ చూస్తే కొన్ని రోజుల్లో తేలిపోతుంది.

ల్యాబ్‌లో ఏం జరుగుతుంది?

మొదట లేత ఆకు తెస్తారు. ముదురు ఆకులో పిండిపదార్థాలు, పాలీఫినాల్స్ ఎక్కువ, అవి డీఎన్‌ఏకు అంటుకుని తర్వాతి పనంతా పాడుచేస్తాయి. ఆకును ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి మెత్తగా నూరుతారు. దానికి సీటీఏబీ అనే డిటర్జెంటు, ఉప్పు ఉన్న ద్రావణం కలిపి 65 డిగ్రీల వేడిలో అరగంట నుంచి గంట దాకా ఉంచుతారు. కణం పొరలు కరిగి లోపలిదంతా బయటికొస్తుంది.

తర్వాత క్లోరోఫాం కలిపి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. ప్రొటీన్లు, కొవ్వులు కిందికీ మధ్యలోకీ పోతాయి, డీఎన్‌ఏ పైనున్న నీటిపొరలో నిలుస్తుంది. ఆ పైపొరను మాత్రమే జాగ్రత్తగా పీల్చి, చల్లటి ఐసోప్రొపనాల్ కలిపితే తెల్లటి పోగులు తేలతాయి. వాటిని 70 శాతం ఆల్కహాల్‌తో కడిగి, బాగా ఆరబెట్టి, బఫర్‌లో కరిగిస్తారు. ఆరబెట్టడంలో తొందరపడి ఆల్కహాల్ మిగిల్చారో, తర్వాత పీసీఆర్ మొరాయిస్తుంది.

తీసిన సరుకు శుద్ధమైనదో కాదో కూడా తేల్చుకోవాలి. 260, 280 నానోమీటర్ల దగ్గర అది ఎంత కాంతిని పీల్చుకుంటుందో చూసి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.8 దగ్గర రావాలి. బాగా తగ్గితే ప్రొటీన్ మిగిలిందని అనుమానించాలి. అగరోజ్ జెల్ మీద నడిపిస్తే మంచి డీఎన్‌ఏ ఒకే గీతలా నిలబడుతుంది, ముక్కలైపోయినది పొగలా సాగుతుంది.

ఆ తర్వాత పీసీఆర్. ప్రతి విడతలో డీఎన్‌ఏ ముక్క రెట్టింపవుతుంది. 30 విడతలు సాఫీగా సాగితే ఒక్క ముక్క నుంచి లెక్కప్రకారం 100 కోట్లకు పైగా నకళ్లు వస్తాయి. మనకు కావాల్సిన అక్షరం ఉందో లేదో అప్పుడు తెలుస్తుంది.

నేను నేర్చుకున్న పాఠం

కొన్నేళ్ల కింద శాంపిళ్ల వివరాలు నమోదు చేసే సాఫ్ట్‌వేర్ పని మీద ఒక ల్యాబ్‌కి వెళ్లాను. నేను వెళ్లిన రోజే అక్కడ ఒక వారం శ్రమ చెత్తబుట్ట పాలైంది. కారణం వింటే నవ్వొస్తుంది. ట్యూబుల మీద మామూలు మార్కర్‌తో నంబర్లు రాశారు. ఆల్కహాల్ ఒలికి అంకెలు చెరిగిపోయాయి. లోపల డీఎన్‌ఏ చక్కగా ఉంది, కానీ ఏది ఏ మొక్కదో ఎవరికీ తెలియదు! ఆ పని చేసిన పరిశోధక విద్యార్థిని నాతో ఒకే మాట అంది: ‘‘అన్నా, పొలంలో మొక్క పూత దశ దాటిపోయింది, మళ్లీ ఆ ఆకు ఎక్కడ దొరుకుతుంది?’’

అప్పుడు నాకు అర్థమైంది, ఈ రంగంలో సగం సైన్సు అయితే సగం క్రమశిక్షణ అని. 96 గుంటల ప్లేటును తెలియక అటుది ఇటు తిప్పి పెడితే మొదటి శాంపిల్ చివరిదవుతుంది. యంత్రం ఏ తప్పూ చూపదు, ఫలితాలు అందంగానే వస్తాయి, కానీ అన్నీ వేరే మొక్కలవి. అందుకే ప్రతి విడతలో ఒక గుంటలో డీఎన్‌ఏ బదులు ఉత్త నీళ్లు పెడతారు. అందులోనూ ఫలితం వస్తే ఎక్కడో కలుషితం జరిగిందన్నమాట.

మీరు ఎలా అడుగుపెట్టాలి?

బైపీసీ వాళ్లు బీఎస్సీ బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ లేదా అగ్రికల్చర్ బీఎస్సీతో మొదలుపెట్టొచ్చు. పీజీకి ఐఐటీ జామ్, గాట్-బి పరీక్షలు రాయాలి. పరిశోధనకు సీఎస్ఐఆర్ నెట్, గేట్, డీబీటీ బెట్ ఉన్నాయి. జేఆర్ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకు రూ.37,000 ఫెలోషిప్. దాంతోపాటు ఓ మాట దాచకుండా చెప్పాలి: పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది, కాంట్రాక్టు ప్రాజెక్టుల్లో జీతాలు తక్కువ. ఇంట్లో వెంటనే సంపాదన కావాలంటే ముందే లెక్క చూసుకోండి.

ఎంపీసీ, ఇంజినీరింగ్ వాళ్లకూ చోటుంది. సీక్వెన్సింగ్ యంత్రం ఇచ్చేది మహా అయితే అక్షరాల గుట్ట. దాన్ని చదవడానికి పైథాన్, ఆర్, లినక్స్, గణాంకశాస్త్రం కావాలి. ఎన్‌సీబీఐ వెబ్‌సైట్‌లో వేరుశనగ జన్యు సమాచారం ఉచితంగా దొరుకుతుంది. ఈ రాత్రే ల్యాప్‌టాప్‌లో దించుకుని సాధన చేయొచ్చు. హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, ఇక్రిశాట్ ఉన్నాయి. మనకు ఇంకా దగ్గరగా, వేరుశనగ రకాలకు పేరున్న కదిరి వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది.

ఇంట్లోనే రుచి చూడండి

అర గ్లాసు నీళ్లలో అర చెంచా ఉప్పు, రెండు చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్ కలపండి. అందులో ఒక ఎర్రగడ్డను మెత్తగా నూరి వేసి పది నిమిషాలాగి, బట్టతో వడకట్టండి. ఫ్రీజర్‌లో చల్లబరిచిన స్పిరిట్‌ను గ్లాసు అంచు వెంబడి మెల్లగా పోయండి. స్పిరిట్‌కు నిప్పు అంటుకుంటుంది, పొయ్యికి దూరంగా చేయండి. పైన తెల్లటి పోగులు తేలతాయి. పూర్తి శుద్ధం కాకపోయినా, అందులో ఉన్నది డీఎన్‌ఏనే.

డీఎన్‌ఏ వాన కురిపించదు. ల్యాబ్‌లో ఎంపికైన మొక్క రకరకాల నేలల్లో ఏళ్ల తరబడి నెగ్గాలి, ఆ విత్తనం రైతుకు అందాలి, పంటకు తగ్గ ధర రావాలి. అయినా అన్ని మొక్కల్లో సరైనదాన్ని ముందే పట్టుకోవడమంటే ఓ పంటకాలం మిగిలినట్టే. వానను నమ్ముకుని సేద్యం చేసే రామగిరి లాంటి చోట ఒక పంటకాలం విలువ ఎంతో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. ట్యూబు మీద నంబరు మాత్రం చెరగని ఇంకుతో రాయండి.