ఉన్నత పాఠశాల విద్యార్థి - వాక్కు, వ్రాత

చైత్ర పూర్ణిమ గడచిన మరునాటి ఉదయమున కాటన్‌పేటలో ఏ బాలుని పలుకరించినను, అతడు కరగ ఉత్సవమును గూర్చి గుక్క త్రిప్పుకొనక చెప్పును. ధర్మరాయస్వామి ఆలయమునుండి పూలకరగము బయలుదేరుట, స్త్రీవేషము ధరించినవాడు దానిని శిరస్సున మోయుట, చుట్టును వీరకుమారుల కత్తులు తళతళలాడుట, ఊరేగింపు తవక్కల్ మస్తాన్ దర్గాకడ ఆగుట - ఇవన్నియు అతని నోట మరల జరుగును. కన్నులు, చేతులు, కంఠస్వరము, అన్నియు ఆ కథనమునకు తోడ్పడును. ఆ బాలునకే కాగితమిచ్చి, చూచినదానిని వ్రాయుమన్నచో, "కరగను చూచితిమి. జనము ఎక్కువగా నుండిరి. చాల సంతోషము కలిగెను" అని మూడు వాక్యములు వ్రాసి కలము క్రింద పెట్టును.

మా వీధిలో ఎనిమిదవ తరగతి చదువుచున్న యొక బాలుని విషయమున నేనీ వింతను కన్నులార చూచితిని. ఇంత చెప్పగలవాడు అంతే యేల వ్రాసెను? సోమరితనమని కొందరందురు. నాకట్లు తోచదు.

మాటలాడువానికి ఎదుట వినువాడుండును. "ఇట్లా పోయి అట్లా తిరిగితే దర్గా వస్తాది" అని చేయి చూపినచో దారి తెలిసిపోవును. వ్రాతలో ఆ చేయి లేదు. రైలుస్టేషనునుండి వచ్చు క్రొత్తవానికి ఏ వీధిలో నడువవలెనో, ఎచట కుడివైపు మరలవలెనో, గురుతుగా ఏమి కనబడునో పేరు పెట్టి చెప్పవలెను. పదమూడేండ్ల బాలునకు ఈ కనబడని పాఠకుని ఊహించుటయే కష్టము. ఉన్నత పాఠశాలలోని మూడు సంవత్సరములలో అతడు నేర్వవలసినదానిలో సగము ఇదియే యని నా యభిప్రాయము.

తక్కిన సగము భాషకు సంబంధించినది. ఇంటిలో అతడు "చేస్తా ఉండాను", "పోతా ఉండాము" అనును. పుస్తకములో ఆ మాటలు లేవు. తల్లి పలికిన పలుకు తప్పని యెవరును చెప్పకున్నను, పుస్తకమును చూచి అతడే యట్లు గ్రహించును. తప్పని తోచిన మాటలను విడిచిపెట్టగా చేతిలో మిగులునవి ఆ మూడు ఎండువాక్యములే.

ఈ చిక్కు క్రొత్తది కాదు. తెలుగుదేశమున నూరేండ్లకు పూర్వమే దీనిపై గొప్ప వివాదము చెలరేగెను. పాఠశాలల తనిఖీ అధికారియైన జె.ఎ. యేట్సు దొరగారికి, తాము వినుచున్న తెలుగునకును పుస్తకములందలి తెలుగునకును గల యంతరము వింతగా తోచెను. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు రామమూర్తి పంతులుగారు (1863-1940) ఆ ప్రశ్ననే తమ జీవితకార్యముగా చేసికొనిరి. 1912-13 ప్రాంతమున స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసమును కావ్యభాషలోగాని ఆధునికభాషలోగాని వ్రాయవచ్చునను అనుమతి వచ్చెను. 1911లో స్థాపితమైన ఆంధ్ర సాహిత్య పరిషత్తు దీనిని తీవ్రముగా నెదిరించెను. మద్రాసు విశ్వవిద్యాలయమువారి సంఘములో గ్రాంథికపక్షమే గెలువగా, గురజాడ అప్పారావుగారు 1914లో తమ అసమ్మతిపత్రమును సమర్పించిరి. పండితుల వాదముగా మనము తలచెడి యీ వ్యవహారమంతయు మొదట ఒక విద్యార్థి వ్యాసపుటలో పుట్టినదని మరువరాదు. (గ్రాంథికచ్ఛాయలో ఈ వ్యాసము వ్రాయుచు గిడుగువారిని పొగడుట చూచి నవ్వుకొను పాఠకులుందురు. చిన్ననాట అబ్బిన అలవాటు. బాలురకు మాత్రము దీనిని నేను విధింపను.)

బెంగుళూరులోని తెలుగు బాలునకు మరియొక చిక్కు కలదు. ఇంట తెలుగు, వీధిలో కన్నడము, ఉర్దూ, తమిళము, బడిలో కన్నడము, ఇంగ్లీషు. అతడు నాలుగు భాషలలో బేరమాడగలడు, కాని తల్లిభాషలో ఉత్తరము వ్రాయలేడు. హిందూపురమున నున్న అమ్మమ్మతో ఫోనులో గంటసేపు మాటలాడును. ఆమెకు తెలుగు తప్ప వేరులిపి రాదు. అతనికి వేరులిపులు తప్ప తెలుగు రాదు. ఆమె వ్రాసి పంపిన వంటవివరమును చదువలేక, దాని ఫోటోను మాకు చూపుటకు వచ్చినప్పుడే మా పరిచయము కలిగినది.

అతనికి లిపి నేర్పుటకు పట్టిన దినములు చాల తక్కువ. కన్నడ, తెలుగు లిపులు ఒక్క మూలమునుండి వచ్చినవే. తలకట్టు ఆకారమును, కొన్ని యక్షరముల భేదమును చూపినచో కన్నడము చదువువాడు తెలుగును కూడబలుకుకొని చదువగలడు. ఈ సామ్యములోనే ఒక యపాయమును కలదు. కన్నడమున "ఊట" యనగా భోజనము, తెలుగున నీటిచెలమ. కన్నడమున "అడిగె" యనగా వంట, తెలుగున అది క్రియ. "అమ్మమ్మ అడిగె బాగుండును" అని మా బాలుడు వ్రాసినప్పుడు అతని తల్లి నవ్వెను. నేను నవ్వలేదు. రెండు భాషలను ప్రక్కప్రక్కన నిలిపి చూచుటకు అంతకంటె మంచి పాఠము దొరకదు.

ఒక భాషనుండి మరియొక భాషకు త్రిప్పుట విద్యార్థి వాక్కునకు ఎంత బలమిచ్చునో తెలుపుటకు ఈ నగరముననే నిదర్శనము కలదు. తెలుగు, కన్నడము రెండును వినబడు గౌరిబిదనూరు సీమలో, హోసూరు గ్రామమున 1920లో పేదకుటుంబమున జన్మించిన హెచ్. నరసింహయ్యగారు బసవనగుడి నేషనల్ హైస్కూలులో చదివిరి. 1936లో గాంధీమహాత్ముడు ఆ పాఠశాలకు వచ్చినప్పుడు, ఆయన హిందీ ఉపన్యాసమును కన్నడమున వినిపించినది విద్యార్థియైన నరసింహయ్యగారే. వక్త ఆగడు, నిఘంటువు చూచుటకు వ్యవధి లేదు. మాటకు మాట వెదకువాడు వెనుకబడును, భావమును పట్టుకొన్నవాడు నిలుచును. ఆ విద్యార్థి తరువాత భౌతికశాస్త్రాచార్యుడై, 1972నుండి 1977వరకు బెంగుళూరు విశ్వవిద్యాలయమునకు ఉపకులపతిగా నుండెను.

ఇక మా బాలునితో చేసిన పని చెప్పెదను. ఎనిమిదవ తరగతిలో అతనిని వ్రాయుమనలేదు. "నీవు చెప్పుము, నేను వ్రాసెదను" అంటిని. "కరగ వస్తా ఉండాది, జనమంతా లేచి నిలబడినారు" అని అతడు చెప్పినదానిని ఉన్నదున్నట్లు వ్రాసి చదివి వినిపించితిని. తన మాట కాగితముపై నిలిచియుండుట చూచి ఆశ్చర్యపడెను. "తాతా, 'ఆమీద' అని ఇన్నిసార్లు అన్నానా?" అని తానే కలము తీసికొని కొన్నింటిని కొట్టివేసెను. ఆ కొట్టివేతయే అతని మొదటి రచన.

తొమ్మిదవ తరగతిలో వ్రాసినదానిని హిందూపురమునుండి వచ్చిన మేనమామ కూతురికి చదివి వినిపించుమంటిని. ఆమె కరగను ఎరుగదు. "కరగ అంటే కుండనా? దర్గా దగ్గర ఎందుకు నిలుస్తాది?" అని ఆమె అడిగిన ప్రతి ప్రశ్నను అంచున గుర్తించుకొనెను. కనబడని పాఠకుడు ఆ విధముగా అతనికి కనబడెను.

పదవ తరగతిలో మరల వాక్కువైపు మరలితిమి. కాటన్‌పేట వీధిలో బండ్లు నిలుపరాదను పక్షమున పాఠశాలలో వాదింపవలసివచ్చెను. మొదట ఇంటిలో మూడు నిముషములు కేకలు వేసెను. ఎదుటిపక్షపు వాదమునే ముందుగా వ్రాసికొని రమ్మంటిని. సరకు దింపుకొను దుకాణదారుని కష్టమును వ్రాయుటకు అతనికి రెండుదినములు పట్టెను. వ్రాసినపిదప కేకలు తగ్గెను. వేమన పద్యములు కంఠస్థము చేసినందున ఊపిరి ఎచట నిలుపవలెనో అతనికి ముందే తెలియును. ఇప్పుడు చెప్పదగినది కూడ దొరకెను. వాదములో బహుమానము రాలేదు, రెండవస్థానమునకు ఎదుటిపక్షపు బాలికను ఎన్నుకొనిరి. ఆమె వాదము బాగుండెనని అతడే ఇంటికి వచ్చి చెప్పెను.

పరీక్షలు ముగిసిన పిదప వచ్చిన కరగను గూర్చి అతడు అమ్మమ్మకు తెలుగున నాలుగు పుటల ఉత్తరము వ్రాసెను. అందులో "వస్తా ఉండాది" అను మాట రెండుచోట్ల నుండెను. దిద్దవలెనా యని నన్నడిగెను. ఉండనిమ్మంటిని. పంపుటకు ముందు తల్లికి చదివి వినిపించగా, ఆమె అంతయు విని, "మల్లెపూల వాసన సంగతి రాయనే లేదే!" అనెను. అతడు మరల కాగితము తీసికొని కూర్చుండెను.