సూరత్ వజ్రాలు: కెమెరా కొలత వెంట్రుకవాసి తప్పితే ఏమవుతుంది?

తెలుగువారికి సూరత్ అనగానే తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లి లింబాయత్ ప్రాంతంలో స్థిరపడిన నేత కుటుంబాలు గుర్తుకు వస్తాయి. వస్త్రాలతో పాటు ఆ నగరానికి పేరు తెచ్చినది వజ్రం. ప్రపంచంలో సానపట్టే ప్రతి పది వజ్రాల్లో సుమారు తొమ్మిది అక్కడివేనని వ్యాపార వర్గాల అంచనా. వరాఛా, కతార్‌గామ్ వంటి ప్రాంతాల కర్మాగారాల్లో నేడు ముడి వజ్రం సాన చక్రాన్ని చేరకముందే కెమెరా ముందుకు వస్తోంది. ఆ కెమెరా చెప్పే కొలత ఎంతవరకు నిజమన్న దానిపైనే రాయి ధర చాలావరకు ఆధారపడి ఉంటుంది.

కెమెరా ఒకటే, తిరిగేది రాయి

ముడి వజ్రాన్ని చిన్న పీఠంపై నిలిపి, వెనుక నుంచి వెలుతురు ప్రసరింపజేస్తారు. పీఠం కొద్దికొద్దిగా తిరుగుతుండగా కెమెరా ఆ రాయి నీడను అనేకసార్లు చిత్రిస్తుంది. నీడల అంచులను కలిపి కంప్యూటర్ త్రిమితీయ రూపాన్ని నిర్మిస్తుంది. అందులో ఏ ఆకారపు వజ్రం ఎంత బరువుతో ఇముడుతుందో లెక్కగట్టి, ఎక్కడ కోయాలో సూచిస్తుంది. ఇజ్రాయెల్‌కు చెందిన సరీన్, సూరత్‌కే చెందిన సహజానంద్ టెక్నాలజీస్ వంటి సంస్థలు ఈ రంగానికి యంత్రాలు రూపొందిస్తున్నాయి.

2014లో తెలుగులో ‘విక్రమసింహ’గా విడుదలైన రజనీకాంత్ చిత్రానికి ఉపయోగించిన మోషన్ క్యాప్చర్ వెనుక ఉన్నదీ ఇటువంటి రేఖాగణితమే. అక్కడ నటుడి చుట్టూ అనేక కెమెరాలు ఉంటాయి. ఇక్కడ ఒకే కెమెరా ముందు రాయి తిరుగుతుంది. లెక్కకు రెండూ ఒకటే. రెండింటికీ ముందుగా క్యాలిబ్రేషన్, అంటే క్రమాంకనం, తప్పనిసరి. కెమెరా ఎక్కడ ఉంది, ఎటు చూస్తోంది, కటకం చిత్రాన్ని ఎంత వంకర చేస్తోంది, చిత్రంలోని ఒక చుక్క వాస్తవంలో ఎంత దూరానికి సమానం అన్నవి తేల్చుకోవాలి. స్టూడియోలో ఇందుకోసం గుర్తులు బిగించిన కర్రను కెమెరాల ఎదుట అటూ ఇటూ ఊపుతారు. గుర్తుల మధ్య దూరం ముందే తెలుసు కనుక దాని ఆధారంగా కొలమానం స్థిరపడుతుంది. ఆ దూరం తెలియకపోతే కెమెరాలు ఆకారాన్ని చెప్పగలవు కానీ పరిమాణాన్ని చెప్పలేవు. గోళీకీ గుమ్మడికాయకూ తేడా ఉండదు. వజ్రాల యంత్రంలో కర్రకు బదులు కొలతలు కచ్చితంగా తెలిసిన ప్రమాణ ఖండాన్ని వాడతారు.

ఒక శాతం తప్పు, మూడు సెంట్ల నష్టం

సినిమాలో పాత్ర చేయి వణికినట్టు కనిపిస్తే యానిమేటర్లు తర్వాత సరిదిద్దుతారు. లేజర్ కోసిన వజ్రాన్ని మళ్లీ అతికించలేరు.

ఒక క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు. వ్యాపారులు దానిని 100 సెంట్లుగా లెక్కిస్తారు. సానపట్టిన ఒక క్యారెట్ గుండ్రని వజ్రం అడ్డుకొలత సుమారు 6.5 మిల్లీమీటర్లు. యంత్రం ప్రతి కొలతనూ ఒక శాతం ఎక్కువగా చూపిందనుకుందాం. అడ్డుకొలతలో తేడా 65 మైక్రాన్లు, ఇంచుమించు తలవెంట్రుక మందం. అయితే బరువు పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటిపైనా ఆధారపడుతుంది కాబట్టి తప్పు మూడింతలవుతుంది. 1.00 క్యారెట్ వస్తుందనుకున్న రాయి 0.97గా తేలుతుంది. నష్టం అంతటితో ఆగదు. పూర్తి క్యారెట్ లేని రాయికి క్యారెట్ చొప్పున పలికే రేటే తక్కువ; ఆ తగ్గుదల రాయి మొత్తానికీ వర్తిస్తుంది. యంత్రం తక్కువగా చూపినా మేలేమీ లేదు, దక్కవలసిన వజ్రం పొడిగా రాలిపోతుంది.

రాయి లోపలి మచ్చలను గుర్తించడం మరో చిక్కు. వజ్రం వక్రీభవన గుణకం దాదాపు 2.42. నీటి అడుగున ఉన్న నాణెం పైకి తేలినట్టు కనిపించినట్లే, మచ్చ అసలు చోట కాక మరోచోట కనిపిస్తుంది. కాంతి ఎంత వంగిందో లెక్కించాలంటే బయటి రూపం సరిగ్గా తెలియాలి. అంటే బయటి కొలతలోని తప్పు లోపలికీ పాకుతుంది.

తూకం చెప్పే సాక్ష్యం

వజ్రం సాంద్రత ఘన సెంటీమీటరుకు 3.52 గ్రాములు. కంప్యూటర్ చూపిన ఘనపరిమాణాన్ని దీనితో గుణిస్తే రాయి బరువు రావాలి. త్రాసులో తూచి పోల్చవచ్చు. అయితే ఇక్కడొక మెలిక ఉంది. కొన్ని గుంటలు ఏ వైపు నుంచి చూసినా నీడలో కనిపించవు. అటువంటి రాయి లెక్కలో అసలు కంటే బరువుగా వస్తుంది. కాబట్టి తేడా వచ్చినప్పుడు తప్పు కెమెరాదా, రాయి ఆకారానిదా అని తెలియాలంటే ప్రమాణ ఖండాన్ని మళ్లీ ఎక్కించి చూడవలసిందే.

ఇంకొక పరీక్ష ఉంది. రాయి ఒక దిశలో చూపిన నీడ, సగం చుట్టు తిరిగాక చూపే నీడ అద్దంలో ప్రతిబింబంలా సరిపోవాలి. సరిపోకపోతే కంప్యూటర్ అనుకుంటున్న అక్షం, పీఠం నిజంగా తిరుగుతున్న అక్షం వేరని అనుమానించాలి. యంత్రాన్ని కదిపినా, పీఠం అరిగినా, గది ఉష్ణోగ్రత బాగా మారినా అలా జరగవచ్చు.

సూరత్‌లో రత్నకళాకారులని పిలిచే సాన కార్మికుల్లో చాలామందికి కూలి రాయి లెక్కన అందుతుంది. బరువు తగ్గితే వారి చేతిని తప్పుపట్టడం తేలిక. యంత్రాన్ని ప్రమాణ ఖండంతో ఎప్పుడు సరిచూశారు, ఎంత తేడా వచ్చింది అన్నది తేదీతో సహా నమోదై ఉంటే, లోపం కెమెరాదా, సానదా అని విడదీసి చూడవచ్చు.