పూలపాదులో దొంగ ఎవరు?

సాయంత్రం నీళ్లు పోసినప్పుడు బంతి మొక్క నిటారుగానే ఉంది. తెల్లారి చూస్తే ఒరిగిపోయింది. పక్కనే పిడికిలి పట్టేంత కన్నం, దాని ముందు బుట్టెడు మట్టి! ఇంటాయన కర్ర వెతుకుతాడు. ఇల్లాలు ఎలుకల మందు తెమ్మంటుంది. ఆ రెండింటికన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది... కన్నాన్ని పరిశీలనగా చూడటం. తవ్విందెవరో అదే చెబుతుంది.

కన్నమే ఆనవాలు

మూతి దగ్గర కొత్త మట్టి కుప్పగా ఉంటే అది పందికొక్కు పని. ఇంగ్లిషువాళ్ల 'బాండికూట్' అనే మాట మన పందికొక్కు నుంచి వెళ్లిందే! రాత్రిళ్లు తవ్వి, పగలు మూతిని మట్టితో మూసుకుని లోపలే ఉండటం దీనికి అలవాటు. పైపైన గీరి మళ్లీ మట్టి కప్పి ఉంటే పిల్లి. వదులుగా ఉన్న పాదు దానికి మరుగుదొడ్డి. నీడన, తడినేలలో వెడల్పాటి గుంత కుక్కది. ఎండాకాలంలో చల్లదనం కోసం అలా తవ్వుకుని పడుకుంటుంది. చిన్నచిన్న గుంతలు అక్కడక్కడా ఉంటే పురుగుల కోసం వచ్చిన ముంగిస కావచ్చు. దాన్ని పట్టడం, చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

నాగుపాము తనంతట తాను కన్నం తవ్వదు. ఎలుక తవ్విన దాంట్లో దూరుతుంది. అందుకే ఏ కన్నంలోనూ చేయి పెట్టకూడదు.

మందుతో ముప్పు

కొన్ని ఎలుకల పేస్టుల్లో ఉండే ఎల్లో ఫాస్ఫరస్ చాలా ప్రమాదకరం. పిల్లలు పొరపాటున నోట్లో పెట్టుకుంటే ఒకట్రెండు రోజులు బాగానే ఉన్నట్టు కనిపించి, ఆ తర్వాత కాలేయం దెబ్బతినొచ్చు. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. కాబట్టి బాగానే ఉన్నారని ఆగకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మందు తిన్న ఎలుకల్ని తిని పిల్లులూ, గుడ్లగూబలూ చనిపోయే ప్రమాదముంది. అంటే ఎలుకల్ని పట్టేవాటినే మనం పోగొట్టుకుంటాం.

ఇలా చేయండి

* సాయంత్రం కన్నాన్ని మట్టితో మూసి గుర్తు పెట్టండి. ఉదయానికి తెరుచుకుంటే లోపల ప్రాణి ఉన్నట్టే.

* పందికొక్కుకి పెద్ద బోను కావాలి. కొత్త వస్తువంటే దానికి అనుమానం. అందుకే రెండు రాత్రులు తలుపు పడకుండా కట్టేసి బజ్జీయో, ఎండుచేపో పెట్టండి. మూడో రాత్రి బిగించండి.

* చెత్తబుట్టకి మూత పెట్టండి. కుక్కకి పెట్టిన అన్నం రాత్రంతా వదిలేయొద్దు.

* నేలసంపంగి, డాలియా దుంపలు నాటేటప్పుడు పాదు అడుగునా, చుట్టూ సన్నకళ్ల ఇనుప జాలీ వేయండి.

* పిల్లి వచ్చే పాదులో గులకరాళ్లు పరవండి. కుక్కకి నీడలో గోనెపట్టా తడిపి వేయండి.

* ఎముకల పొడి, ఆముదపు చెక్క వాసనకి కుక్కలు మట్టి తవ్వుతాయి. ఆముదపు చెక్క తింటే వాటి ప్రాణానికే ముప్పు. కుక్క ఉన్న ఇంట్లో ఆ ఎరువు వాడకపోవడమే మంచిది.

* మట్టి పనికి చేతి తొడుగులు, చెప్పులు తప్పనిసరి. ఎలుక మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ జ్వరం రావచ్చు.

దొంగెవరో తెలిశాక దారి మూయడం పెద్ద పనేమీ కాదు. ఒరిగిన బంతి మొక్కకి కాస్త మట్టి ఎగదోసి, పుల్ల ఊతమిస్తే చాలు... వేరు తెగకపోతే మళ్లీ పూస్తుంది!