లెక్కకెక్కినవన్నీ చదివినవి కావు

పరిశోధన పత్రాన్ని ఎవరైనా డబ్బు కట్టకుండా, లాగిన్ అవసరం లేకుండా చదువుకునేలా ఉంచడమే ఓపెన్ యాక్సెస్. 2002 ఫిబ్రవరిలో వచ్చిన బుడాపెస్ట్ ప్రకటనతో ఈ మాట స్థిరపడింది. ఇలా ఉచితంగా పెట్టిన పత్రాన్ని ఎంతమంది వాడుకున్నారన్నది రచయితకు ప్రమోషన్ ఫైల్లో కావాలి, యూనివర్సిటీకి న్యాక్ నివేదికలో కావాలి, నిధులిచ్చినవాళ్లకు ఖర్చు సార్థకమైందో లేదో తేల్చుకోవడానికి కావాలి. అయితే లాగిన్ లేనిచోట వచ్చిందెవరో కచ్చితంగా చెప్పడం కష్టం. అందువల్లే ఈ లెక్కల చుట్టూ అపోహలు అల్లుకున్నాయి.

అపోహ 1: డౌన్‌లోడ్ అయిందంటే ఒకరు చదివినట్టే.

వాస్తవం: ఫలానా సమయంలో ఫలానా ఐపీ అడ్రసు నుంచి ఫైలు అడిగారన్నది మాత్రమే సర్వర్‌కు తెలుస్తుంది. ఆ ఫైలును చదివారో, 'తర్వాత చూద్దాంలే' అని ఫోల్డర్‌లో పడేశారో దానికి తెలీదు. నెట్ నెమ్మదిగా ఉండి, పీడీఎఫ్ తెరుచుకోలేదని రెండోసారి నొక్కేవాళ్లూ ఉంటారు. ఇలాంటివి ఎలా లెక్కించాలో చెప్పే ఉమ్మడి నియమావళిని 'కౌంటర్' అనే అంతర్జాతీయ సంస్థ 2003 నుంచి ఇస్తోంది. దాని ప్రకారం ఒకే వ్యక్తి ఒకే ఫైలును 30 సెకన్లలోపు రెండుసార్లు నొక్కితే ఒక్కటిగానే లెక్క. ఐదు నిమిషాలాగి మళ్లీ తెరిస్తే 'మొత్తం' లెక్కలో రెండవుతాయి, పునరావృతాలు తీసేసిన లెక్కలో మాత్రం ఆ సెషన్‌కు ఒకటే.

లాగిన్ లేనప్పుడు ఆ సెషన్‌ను గడియారంలోని గంట, ఐపీ అడ్రసు, బ్రౌజరు కలిపి అంచనా కట్టాల్సి వస్తుంది. ఒకే విద్యార్థి 10:58కి ఒకసారి, 11:02కి మరోసారి తెరిస్తే గంట మారింది కాబట్టి రెండు సెషన్లుగా నమోదవుతాయి. కాలేజీ ల్యాబ్‌లో ఒకే ఐపీ, ఒకేరకం బ్రౌజరుతో పదిమంది ఆ గంటలోనే తెరిస్తే ఒక్కరిలా కనిపించే అవకాశమూ ఉంది.

అపోహ 2: లెక్కలో ఉన్నవాళ్లంతా మనుషులే.

వాస్తవం: సెర్చింజన్ల క్రాలర్లు, ఏఐ మోడళ్ల కోసం పాఠాన్ని పోగేసే బాట్లు ఈ ఫైళ్లను రాత్రింబవళ్లు లాగుతూనే ఉంటాయి. ఐర్లండ్‌లోని ఒక యూనివర్సిటీ డిజిటల్ భండారం (రిపాజిటరీ)పై 2016లో వెలువడిన అధ్యయనంలో, వడపోతకు ముందున్న డౌన్‌లోడ్లలో 85 శాతం బాట్లవేనని తేలింది. తెలిసిన బాట్ల జాబితా పెట్టుకుని వాటిని తీసేయాలని కౌంటర్ నియమం. మామూలు బ్రౌజరులా వేషం మార్చి వచ్చేవి మాత్రం ఆ జల్లెడలోంచి జారిపోతాయి.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన సమస్య కూడా ఉంది. గూగుల్ అనలిటిక్స్ లాంటివి వెబ్ పేజీలో ఉంచిన చిన్న కోడ్ నడిస్తేనే లెక్కపెడతాయి. గూగుల్ స్కాలర్‌లో వెతికి నేరుగా పీడీఎఫ్ లింకు నొక్కినవాళ్లు ఆ పేజీకే రారు, కాబట్టి లెక్కలోకీ రారు. ఒకే రిపాజిటరీకి సర్వర్ లాగ్ ఒక అంకె, అనలిటిక్స్ ఇంకో అంకె చూపేది ఇందుకే.

అపోహ 3: అంకె పెద్దదైతే వాడకం కూడా ఎక్కువే.

వాస్తవం: ఆ అంకె దేన్ని లెక్కపెట్టిందో ముందు చూడాలి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలో మన యూనివర్సిటీల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు ఉచితంగా దొరుకుతాయి. అక్కడ ఒక గ్రంథం చాలావరకు ఒకే ఫైలుగా ఉండదు. ముఖపత్రం, ధ్రువపత్రం, విషయసూచిక, ఒక్కో అధ్యాయం, గ్రంథసూచి ఇలా విడివిడి పీడీఎఫ్‌లుగా ఉంటుంది. తెలుగు నవల మీద వచ్చిన థీసిస్ మొత్తం కావాలనుకున్న ఒక్క పాఠకుడు పది పన్నెండు ఫైళ్లు దించుకోవాలి. ఆసక్తి ఒక్కరిదే, ఫైళ్ల లెక్క మాత్రం పన్నెండు.

పుస్తకాల విషయంలోనూ ఇదే తిరకాసు. ఓపెన్ యాక్సెస్ పుస్తకాన్ని ఓఏపెన్ (OAPEN) అనే వేదిక మొత్తం ఒకే పీడీఎఫ్‌గా ఇస్తుంది, జేస్టోర్ అధ్యాయాలుగా ఇస్తుంది. ఈ రెండు చోట్ల ఫైళ్ల లెక్కను పక్కపక్కన పెట్టి పోలిస్తే అర్థం లేదు. ఈ తేడాను సరిచేయడానికే 2019లో అమల్లోకి వచ్చిన కౌంటర్ ఐదో విడత, ఒక సెషన్‌లో ఎన్ని అధ్యాయాలు తెరిచినా పుస్తకాన్ని ఒకటిగానే చూపే లెక్కను చేర్చింది.

అపోహ 4: ప్రచురణకర్త సైట్లో కనిపించేదే మొత్తం వాడకం.

వాస్తవం: నకలు తీసి పంచుకునే స్వేచ్ఛను చాలా ఓపెన్ యాక్సెస్ పత్రాల లైసెన్సే ఇస్తున్నప్పుడు, వాడకం ఒక్కచోటే ఎందుకుంటుంది? ఒకే పత్రం జర్నల్ సైట్లోనూ, పబ్‌మెడ్ సెంట్రల్ అనే ఉచిత వైద్య పత్రాల భండారంలోనూ, యూనివర్సిటీ రిపాజిటరీలోనూ ఉండొచ్చు. ప్రచురణకు ముందు బయటపెట్టిన దాని ప్రతి (ప్రీప్రింట్) 1991 నుంచి నడుస్తున్న ఆర్కైవ్ (arXiv) అనే వేదికలో ఉండొచ్చు. ఎవరి లెక్క వాళ్లదే. ఇక మాస్టారు వాట్సాప్ గ్రూపులో పెట్టిన పీడీఎఫ్‌ను, జెరాక్స్ షాపులో తీసిన ప్రతులను లెక్కపెట్టే సాధనమే లేదు.

అపోహ 5: ఉచితంగా పెడితే సైటేషన్లు (ఇతర రచనల్లో ఉదహరింపులు) వాటంతటవే పెరుగుతాయి.

వాస్తవం: అమెరికన్ ఫిజియలాజికల్ సొసైటీకి చెందిన 11 జర్నళ్లలోని 1,619 పత్రాల్లో 247ను చీటీ తీసినట్టు ఎంపిక చేసి ఉచితంగా పెట్టారు. 2008లో బీఎంజే అనే వైద్య జర్నల్‌లో వచ్చిన ఫలితాల్లో వాటి పూర్తిపాఠం డౌన్‌లోడ్లు 89 శాతం, పీడీఎఫ్‌లు 42 శాతం ఎక్కువ. మొదటి ఏడాదిలో సైటేషన్లలో మాత్రం తేడా కనిపించలేదు. ఉచిత పత్రాలకు సైటేషన్లు ఎక్కువని చెప్పే అధ్యయనాలు చాలానే ఉన్నాయి. అయితే రచయితలు తమ మంచి పత్రాలనే ఎంచి ఉచితంగా పెడుతున్నారేమో అన్న సందేహం వాటిని వదలడం లేదు. పైగా ఈ ప్రయోగంలో పెరిగిన పాఠకుల్లో డాక్టర్లు, అధ్యాపకులు, విద్యార్థులు ఉండొచ్చు. పేపర్లు రాయనివాళ్లు చదివినా సైటేషన్ రాదు.

అపోహ 6: ఎక్కువ సైటేషన్లు, ఎక్కువ ఆల్ట్‌మెట్రిక్ స్కోరు ఉంటే గొప్ప పరిశోధనే.

వాస్తవం: ఎంఎంఆర్ టీకాను ఆటిజంతో ముడిపెడుతూ ఆండ్రూ వేక్‌ఫీల్డ్ బృందం 1998లో లాన్సెట్‌లో వేసిన పత్రాన్ని ఆ జర్నల్ 2010లో ఉపసంహరించుకుంది. దాన్ని ఉదహరించిన 1,153 రచనలను తర్వాత పరిశీలిస్తే సుమారు 73 శాతం ఖండిస్తూ రాసినవే. ట్వీట్లు, వార్తలు, బ్లాగులు కలిపి వేసే ఆల్ట్‌మెట్రిక్ స్కోరుదీ అదే దారి. అది ఎంత చర్చ జరిగిందో చెబుతుందే గానీ మెచ్చుకున్నారో తిట్టారో చెప్పదు.

ఇన్ని లొసుగులున్నాయని లెక్కలు మానేయనక్కర్లేదు. ఒకే రిపాజిటరీలో, ఒకే పద్ధతిలో ఏటికేడు తీసిన అంకెలు వాడకం ఎటు పోతోందో చూపిస్తాయి. నివేదికలో అంకె పక్కన నాలుగు వివరాలు రాస్తే చాలు: ఏ వేదికది, ఏ కాలానిది, బాట్లను తీశారా, లెక్కపెట్టింది ఫైళ్లనా పత్రాలనా. ఇక మనిషిని అంచనా వేయాల్సి వస్తే, 2012లో శాన్ ఫ్రాన్సిస్కోలో రూపుదిద్దుకున్న డోరా ప్రకటన చెప్పింది ఇప్పటికీ వర్తిస్తుంది. జర్నల్ పత్రాలకు సగటున వచ్చే సైటేషన్లను చెప్పే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చూసి కాదు, పరిశోధనలోని సరుకు చూసి విలువ కట్టమంది. డౌన్‌లోడ్ అంకెలకూ అదే న్యాయం. సెలక్షన్ కమిటీలో కూర్చున్నవాళ్లు ఆ పత్రం తెరిచి చదవాల్సిందే.