పిడి తిప్పితే దొరికిన తలుపులు

ఫ్రిజ్ పక్కన గోడకు తగిలించే స్టెబిలైజర్ పని తెలిసిందే. లైన్లో వోల్టేజీ ఎగిరినా పడినా అది సర్దుకుంటూ, ఫ్రిజ్‌కి మాత్రం ఒకే తీరుగా అందిస్తుంది. 1947లో అమెరికా తీరాన వుడ్స్ హోల్‌లో కెనెత్ కోల్ స్క్విడ్ నరానికి ఇంచుమించు అలాంటిదే ఒకటి తగిలించాడు. దాని పేరు వోల్టేజ్ క్లాంప్.

స్క్విడ్డే ఎందుకంటే, దాని నరతంతువు ఒకటి అర మిల్లీమీటరు పైచిలుకు లావుంటుంది. పావడాకు బొందు ఎక్కించినట్టు అందులోకి పొడవునా తీగ దూర్చవచ్చు. మన తంతువుల్లో ఆ ఆశే లేదు.

అప్పటిదాకా ఉన్న చిక్కు ఇది. నరం విశ్రాంతిలో ఉన్నప్పుడు దాన్ని చుట్టిన పొరకు లోపలి వైపు వోల్టేజీ బయటికంటే సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువ. టార్చి బ్యాటరీ ముందు ఇదెంత అనిపిస్తుంది గానీ, పొర మందం కొద్ది నానోమీటర్లే కాబట్టి మీటరుకు కోటి వోల్టులు దాటే ఒత్తిడి అది. ఆ తేడా కాస్త తగ్గితే సోడియం లోపలికి దూసుకొస్తుంది. సోడియం వస్తే తేడా ఇంకా తగ్గుతుంది, దాంతో మరింత సోడియం. మిల్లీసెకనులో తతంగం ముగుస్తుంది. ఏది కారణమో ఏది ఫలితమో తేల్చే వ్యవధి ఎక్కడ? క్లాంప్ వోల్టేజీని చెప్పినచోట కట్టిపడేస్తుంది. అలా పట్టి ఉంచడానికి అది ఎంత కరెంటు పోయాల్సి వచ్చిందో చూస్తే, పొరగుండా ఎంత పారిందో తెలిసిపోతుంది.

1949లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో అలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ దీన్ని చేతికి తీసుకున్నారు. వోల్టేజీని ఒక్కసారిగా పెంచి పట్టి ఉంచితే కరెంటు ముందు లోపలికి, తర్వాత బయటికి పారింది. చుట్టూ ఉన్న ఉప్పునీళ్ళలో సోడియం బదులు కోలీన్ పెడితే మొదటిది మాయం, రెండోది మాత్రం అలాగే ఉంది. అది పొటాషియం. ఇంకో వింత: వోల్టేజీ కదలకపోయినా సోడియం దారి దానంతటదే మూసుకుపోయింది. అంటే తీసే గడియ వేరు, మూసే బిరడా వేరు. కొలతలకు సరిపడేలా సోడియానికి మూడు గడియలు, ఒక బిరడా, పొటాషియానికి నాలుగు గడియలు ఉన్నట్టు సమీకరణాలు రాశారు.

లెక్కలు కట్టాల్సిన సమయానికి కేంబ్రిడ్జి కంప్యూటర్‌ను మార్పుల కోసం ఆపేసి ఉంచారు. హక్స్‌లీ బ్రున్స్‌విగా ముందు కూర్చున్నాడు. అది కాఫీపొడి మరలా పిడి తిప్పే లెక్కల యంత్రం. ముందుకు తిప్పితే కూడిక, వెనక్కి తిప్పితే తీసివేత. నరం వెంట పరుగెత్తే ఒక్క సంకేతం లెక్కకు దాదాపు మూడు వారాలు పట్టింది. వేగం సెకనుకు 18.8 మీటర్లని తేలింది. నిజం నరంలో కొలిస్తే 21.2. పిడి తిప్పి ఇంత దగ్గరికి రావడం నాకిప్పటికీ నమ్మబుద్ధి కాదు.

1952లో వ్యాసాలు వచ్చాయి, 1963లో నోబెల్ వచ్చింది. తలుపును మాత్రం ఇంకా ఎవరూ చూడలేదు. తర్వాతి దశాబ్దాల్లో, ఆ తలుపులు ఛానెళ్ళనే ప్రోటీన్లని తేలి, వాటి నిర్మాణం బయటపడింది. పొటాషియం ఛానెల్లో నిజంగానే నాలుగు భాగాలు, ఒక్కోదానిలో వోల్టేజీకి కదిలే ధనావేశపు కడ్డీ ఒకటి. సోడియం ఛానెల్లోనూ నాలుగే. కాకపోతే మూడు చురుగ్గా కదులుతాయి. నాలుగోది నిదానంగా కదిలి, మూసే పనిలో చేయి వేస్తుంది.