మోకాలి మెనిస్కస్, లిగమెంటు శస్త్రచికిత్సలు – ఫలితాల పరిశీలన

ఉపోద్ఘాతం

గోదావరి డెల్టా గ్రామాలలో సంక్రాంతి కబడ్డీ ఆడుతూ పడిన యువకుడి మోకాలు వాస్తే ‘నరం తెగింది’ అంటారు. యాభై ఏళ్లు దాటిన రైతు మెట్లు దిగలేకపోతే ‘గుజ్జు అరిగింది’ అంటారు. వైద్యపరంగా ఇవి రెండు వేర్వేరు స్థితులు. అయినా మండపేట వంటి పట్టణంలో రోగి బంధువులు వేసే ప్రశ్న మాత్రం ఒక్కటే: ‘ఆపరేషన్ చేయిస్తే బాగవుతుందా?’ గాయపడిన భాగం ఏది, రోగి వయసెంత, ‘బాగవడం’ అంటే ఏమిటి అన్న మూడు విషయాలు తేలనిదే ఈ ప్రశ్నకు సమాధానం లేదు. మోకాలి శస్త్రచికిత్సల ఫలితాలపై వెలువడిన ప్రధాన పరిశోధనలను ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మెనిస్కస్: తొలగింపా, రక్షణా?

తొడ ఎముకకు, కాలి ఎముకకు నడుమ నెలవంక ఆకారంలో ఉండే రెండు మృదులాస్థి దిండ్లనే మెనిస్కస్‌లు అంటారు. శరీర భారాన్ని కీలు అంతటా పరచడం వీటి పని. ఒకప్పుడు వీటిని అనవసర భాగాలుగా భావించి, చిరిగితే పూర్తిగా తొలగించేవారు. అలా తొలగించిన మోకాళ్లలో క్రమేణా వచ్చే మార్పులను 1948లో ఫెయిర్‌బ్యాంక్ ఎక్స్‌రేల ఆధారంగా వివరించారు. దిండు పోయిన చోట ఎముకలపై ఒత్తిడి పెరుగుతుందని, కీలు త్వరగా అరుగుతుందని తరువాతి అధ్యయనాలు ధ్రువపరిచాయి. 1962లో జపాన్ వైద్యుడు వతనబే ఆర్థ్రోస్కోపీ ద్వారా చిరిగిన ముక్కను మాత్రమే తొలగించారు. నేడు వీలైనచోట కుట్టు వేసి మెనిస్కస్‌ను కాపాడడమే వైద్యుల ప్రథమ లక్ష్యం.

అయితే కుట్టు అన్నిచోట్లా అతకదు. పెద్దవారిలో మెనిస్కస్ వెలుపలి అంచుకే రక్తప్రసరణ ఉంటుంది. అక్కడి చిరుగు మానే అవకాశం ఎక్కువ, లోపలి అంచు చిరుగు మానడం కష్టం. ఐదేళ్లకు మించి పరిశీలించిన అధ్యయనాలను కలిపి చూస్తే, కుట్టిన మెనిస్కస్‌లలో సుమారు నాలుగో వంతు విఫలమైనట్లు తెలుస్తుంది. అనగా నలుగురిలో ముగ్గురికి సొంత దిండు నిలుస్తుంది. యువకుడి విషయంలో ఇది చిన్న లాభం కాదు.

వయసుతో వచ్చే చిరుగు సంగతి వేరు. ఫిన్లాండ్‌లో 35 నుండి 65 ఏళ్ల వయసు గల 146 మందిపై జరిపిన పరీక్ష 2013లో వెలువడింది. వీరికి అరుగుదల వ్యాధి లేదు, వయసు వల్ల వచ్చిన చిరుగు మాత్రమే ఉంది. కొందరికి చిరిగిన భాగాన్ని తొలగించారు. మిగిలినవారికి శస్త్రచికిత్సను అనుకరించారే తప్ప మెనిస్కస్‌ను తాకలేదు. ఏడాది తరువాత ఇరువర్గాలూ మెరుగుపడ్డాయి, నొప్పిలోగాని కదలికలోగాని చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. అదే ఏడాది అమెరికాలో అరుగుదలతో పాటు చిరుగు కూడా ఉన్న 351 మందిపై వెలువడిన పరీక్షలోనూ, ఆరు నెలల నాటికి శస్త్రచికిత్సకు, ఫిజియోథెరపీకి మధ్య గణనీయమైన భేదం లేదు. అయితే వ్యాయామ వర్గంలో 30 శాతం మంది ఈలోగా శస్త్రచికిత్సకు మారారు. కనుక ‘గుజ్జు అరిగిన’ రైతుకు తొలి చికిత్స వ్యాయామమే కావాలి. అది ఫలించనప్పుడు శస్త్రచికిత్స గురించి ఆలోచించవచ్చు. మోకాలు బిగుసుకుపోయి చాపలేని స్థితి మాత్రం ఇందుకు మినహాయింపు.

ఏ.సి.ఎల్. పునర్నిర్మాణం

కాలి ఎముక ముందుకు జారకుండా, మెలి తిరగకుండా ఆపే లిగమెంటు ఏ.సి.ఎల్. ఇది తెగితే రోగి సొంత స్నాయువుతోనే కొత్త లిగమెంటును అమరుస్తారు. దీని ఫలితాన్ని మూడు కొలమానాలతో చూడాలి.

మొదటిది కీలు స్థిరత్వం. స్వీడన్‌లో 121 మంది యువకులపై జరిగిన పరీక్షలో ఒక వర్గానికి వెంటనే శస్త్రచికిత్స చేశారు. 59 మంది గల రెండవ వర్గానికి ముందు వ్యాయామం ఇచ్చి, అవసరమైతేనే శస్త్రచికిత్స అన్నారు. ఐదేళ్లలో వీరిలో 30 మందికి శస్త్రచికిత్స అవసరమైంది, తక్కినవారు అది లేకుండానే కొనసాగారు. రోగులు స్వయంగా చెప్పిన ఫలితాలలో ఇరువర్గాలకూ తేడా లేదు. రెండవది ఆటకు మరలడం. 2014 నాటి ఒక సమగ్ర సమీక్ష ప్రకారం 81 శాతం మంది ఏదో ఒక ఆటకు మరలినా, గాయానికి ముందున్న స్థాయికి చేరినవారు 65 శాతం, పోటీలకు మరలినవారు 55 శాతం మాత్రమే. మూడవది దీర్ఘకాలిక రక్షణ. గాయపడిన పన్నెండేళ్లకు స్వీడన్ ఫుట్‌బాల్ క్రీడాకారిణులలో ఎక్స్‌రే తీసిన 67 మందిలో 34 మందికి అరుగుదల కనిపించింది. అప్పటికి వారి సగటు వయసు 31 మాత్రమే. శస్త్రచికిత్స చేయించుకున్నవారికీ ఇందులో మినహాయింపు దొరకలేదు. శస్త్రచికిత్స కీలును నిలబెడుతుంది, గాయం చేసిన నష్టాన్ని పూర్తిగా చెరపలేదు.

గోపీచంద్ ఉదాహరణ

తెలుగువారికి చిరపరిచితమైన ఉదాహరణ పుల్లెల గోపీచంద్. 1994 జాతీయ క్రీడలలో ఆయన మోకాలికి తీవ్ర గాయమైంది. శస్త్రచికిత్సల అనంతరం 1996లో జాతీయ టైటిల్‌ను, 2001లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ టైటిల్‌ను గెలుచుకున్నారు. మోకాలి గాయంతో క్రీడాజీవితం ముగియనవసరం లేదనడానికి ఇది నిదర్శనం. అయితే గెలిచినవారి కథ అందరికీ తెలుస్తుంది, మరలి రానివారి కథ నమోదు కాదు. కనుక దీనిని సాధారణ ఫలితంగా భావించరాదు.

డెల్టా జీవనంలో ‘ఫలితం’

పైన చెప్పిన కొలమానాలు ప్రధానంగా పాశ్చాత్య జీవనానికి సంబంధించినవి. మండపేట పరిసరాలలో వరి నాట్లు వేసే కూలీకి, రైస్ మిల్లులో బస్తాలు మోసే హమాలీకి, కొబ్బరి దింపు కార్మికునికి ‘బాగవడం’ అంటే బాసింపట్టు వేసుకోగలగడం, గొంతుకూర్చోగలగడం, బరువుతో మలుపు తిరగగలగడం. కుట్టిన మెనిస్కస్‌కు తొలి నెలల్లో లోతైన మడత హానికరం. ఈ సంగతి ముందే చెప్పని పక్షంలో రోగి ఇంటికి వెళ్లి నేలపై కూర్చుంటాడు, కుట్టు దెబ్బతినే ప్రమాదం ఉంటుంది. ఈ జీవనశైలికి తగిన తెలుగు ప్రశ్నావళి ఆధారంగా ఫలితాలను నమోదు చేయడం మన పరిశోధకులకు తగిన అంశం.

మరొక కీలకాంశం కాలం. ఏ.సి.ఎల్. శస్త్రచికిత్స జరిగిన 106 మందిని పరిశీలించిన అధ్యయనంలో, తొమ్మిది నెలల వరకు ఆటను వాయిదా వేసిన ప్రతి నెలకూ తిరిగి గాయపడే రేటు 51 శాతం తగ్గింది. శస్త్రచికిత్స కోసం రాజమహేంద్రవరమో కాకినాడో వెళ్లి రావడం కొద్ది రోజుల పని. ఆ తరువాతి తొమ్మిది నెలల వ్యాయామం సొంత ఊరిలోనే సాగాలి. వాపు తగ్గగానే విద్యార్థిని అంతర్ కళాశాలల పోటీలకు పంపే కళాశాల ఆ శస్త్రచికిత్స ఫలితాన్ని తానే పాడుచేస్తుంది. తొడ కండరాల బలం రెండు కాళ్లలో సమానమయ్యే వరకు ఆగడం వ్యాయామ విద్యా అధ్యాపకుల బాధ్యత.

ముగింపు

యువకునిలో మెనిస్కస్‌ను వీలైనంత వరకు కాపాడాలి. వయసు మీరిన వారికి ముందు వ్యాయామం సూచించాలి. ఏ.సి.ఎల్. తెగిన వారిలో మోకాలి అస్థిరతను, వృత్తిని బట్టి నిర్ణయం తీసుకోవాలి. శస్త్రచికిత్స గది నుండి బయటకు వచ్చేసరికి సగం పని మాత్రమే పూర్తవుతుందని, మిగిలిన సగం రోగి, కుటుంబం, కళాశాల చేతుల్లో ఉందని పై అధ్యయనాల ద్వారా గ్రహించవచ్చు.